ఎరుపు ముందు, నలుపు చివర

జనవరి 9

యాసిడక్కా,

ఈ పేరు చూడగానే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ఒళ్ళు మండితేనే నువ్వు వెంటనే జవాబు రాస్తావు, అందుకే అలా పిలిచాను. నా ఫోను కింద పడి పగిలింది, ఆయనదేమో రోజంతా ఆయన వెంటే తిరుగుతుంది. నాది బాగు చేయిస్తానని ఆయన అంటూనే ఉన్నారు. అందాకా మనకి ఉత్తరాలే గతి.

నాన్న నాకిచ్చిన కారు రోజూ పొద్దున్నే చచ్చి పడుంటోంది. తాళం తిప్పితే టక్కుమని ఒక చప్పుడు, అంతే. ఆయన బ్యాటరీ విప్పి, లారీలో పట్టుకెళ్ళి, ఛార్జి చేయించి తెచ్చి బిగిస్తారు. తెల్లారేసరికి మళ్ళీ అదే కథ. కారు కదలకపోతే లాండ్రీకి ఆయన లారీలోనే వెళ్ళాలి, ఆయన లారీలోనే తిరిగి రావాలి. మా ఇల్లు కంకర క్వారీ దాటాక ఆఖరిది. బస్సు రాదు, పక్కిల్లు లేదు.

మా లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు తెచ్చే వ్యాను డ్రైవరు దగ్గర ఒక పెట్టె చూశాను. ఇటుకంత ఉంది. జంప్ స్టార్టరు అన్నాడు. దాని రెండు క్లిప్పులు బ్యాటరీకి తగిలిస్తే చాలట, బండి లేచి కూర్చుంటుంది. ఇంకెవరూ రానక్కర్లేదు. బ్యాటరీల షాపు పెట్టుకున్న అక్క ఉండి నాకు ఈ కష్టమేమిటి? అలాంటిది ఒకటి పంపవా?

ఆయన పక్కనే కూర్చుని ఇది చదువుతున్నారు. వదినగారికి నమస్కారాలు చెప్పమంటున్నారు. లారీ అమ్మేస్తే నీ షాపులో పని ఇస్తావా అని అడుగుతున్నారు. తమాషాకి.

నీ తూనీగ

జనవరి 17

ఒసే తూనీగా,

ఒళ్ళు మండింది, వెంటనే రాస్తున్నాను. గెలిచావు, సంతోషమేనా?

బ్యాటరీ ఊరికే చావదు. ఎవరో చంపితే చస్తుంది. నీ కారు విషయంలో ఆ హంతకురాలివి నువ్వే. చిన్నప్పుడు గదిలో లైటు ఆర్పకుండా గుర్రు పెట్టేదానివి. ఇప్పుడు కారు లైట్లు ఆర్పకుండా ఇంట్లోకి పోతున్నావు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు కదా.

పెట్టె గురించి. పెట్టెలు నేనూ అమ్ముతాను. అడిగినవాడికి కాదనకుండా ఇస్తాను. కానీ నా సొంత చెల్లెలికి ఇవ్వను. ఎందుకో విను. ఆ పెట్టెకీ ఛార్జి పెట్టాలి. లైట్లు ఆర్పడమే గుర్తుండనిదానికి పెట్టెకి ఛార్జి పెట్టడం గుర్తుంటుందా? అవసరానికి బయటికి తీసేసరికి అదీ చచ్చి ఉంటుంది. శవాన్ని లేపడానికి ఇంకో శవాన్ని పంపినట్టు. అదే తీగలనుకో, వాటికి ఆకలీ లేదు, నిద్రా లేదు. ఎన్నేళ్ళు డిక్కీలో పడేసినా రాగి రాగే. నాన్న ఏమనేవాడు? "తీగలకి కావాల్సింది ఒక్కటేనమ్మా, పక్కన ఇంకో బండి. ఇంకో బండి రాని చోట మనకేం పని?"

అందుకని తీగలే పంపుతున్నాను. దుకాణాల్లో దొరికే సన్నటి రకం కాదు. లావుపాటి రాగి తీగ నేనే కోసి, నేనే ఇత్తడి క్లిప్పులు బిగించాను. ఏనుగుని కట్టినా తెగవు.

వరస మర్చిపోలేదుగా? ఎరుపు ముందు, నలుపు చివర. ఎర్రది మొదట చచ్చిన బ్యాటరీకి, తర్వాత బతికున్న బ్యాటరీకి. నల్లది బతికున్నదానికి. ఆఖరి నలుపు మాత్రం నీ కారు ఇంజను ఇనుముకి, బ్యాటరీకి దూరంగా. అక్కడ నిప్పురవ్వ లేస్తుంది, అది బ్యాటరీ పక్కన లేస్తే బ్యాటరీయే బాంబు. భోజనానికి కూర్చునే ముందు నాన్న ఇది మన చేత అప్పజెప్పించేవాడు. తప్పు చెప్పినవాళ్ళకి కంచం ఆలస్యంగా వచ్చేది. నువ్వెప్పుడూ తప్పు చెప్పలేదు, తిండిపోతువి.

మరిదిగారికి చెప్పు, పని ఉంది గాని నా నోటికి తట్టుకోవాలని.

అక్క

ఫిబ్రవరి 1

అక్కా,

ఇది లాండ్రీలో ఇస్త్రీ బల్ల మీద రాస్తున్నాను. అక్షరాలు ఉబ్బి ఉంటే ఆవిరిని తిట్టు. జవాబు కూడా లాండ్రీకే రాయి, ఇంటికి వద్దు.

తీగలు అందాయి. లావుగా ఉన్నాయి, బరువుగానూ ఉన్నాయి, నాకు బాగా తెలిసొచ్చింది. ఆయన వాటిని వరండాలో మేకుకి తగిలించారు.

కానీ పక్కన ఇంకో బండి ఏదక్కా? ఉన్నది ఒక్క లారీ. ఆయన లేనప్పుడు లారీ ఉండదు. లారీ ఉన్నప్పుడు ఆయన ఉంటారు.

నాకు పెట్టే కావాలి. చిన్నది చాలు, మురికి దుప్పట్ల సంచీలో పట్టేంతది. ఛార్జి ఇక్కడ లాండ్రీలో పెట్టుకుంటాను, మర్చిపోను. ఆయనకి మాత్రం చెప్పకు. మరీ మరీ చెప్తున్నాను, ఆయనకి తెలియకూడదు.

లైట్లు నేను ఆర్పుతున్నాను. నాన్న మీద ఒట్టు. వెనక్కి వెళ్ళి చూసి మరీ వస్తున్నాను.

చెయ్యి నొప్పిగా ఉంది, మెషీను తలుపులో పడింది. అందుకే ఇంతటితో ఆపేస్తున్నాను.

తూనీగ

ఫిబ్రవరి 10

గడుసు తూనీగా,

నీ ఉత్తరం ఒంటికన్నుతో చదివాను. ఎందుకో చెప్తాను, కంగారు పడకు.

మొన్న ఒక పెద్దమనిషి షాపు ముందు కారు ఆపి, తీగలు నేనే తగిలిస్తాను, ఆడవాళ్ళు దూరంగా ఉండండి అన్నాడు. నేను అరుస్తూనే ఉన్నాను. ఎరుపు పెట్టాల్సిన చోట నలుపు నొక్కాడు. బ్యాటరీ పేలింది. షాపు గోడలు అదిరాయి. మూత ముక్క వచ్చి అతని చెంప కోసుకుని పోయింది, పళ్ళు బయటికి కనిపించాయి. యాసిడ్ నా ఎడమ కంట్లో పడింది. కుళాయి కింద తల పెట్టి, కన్ను తెరిచి పట్టుకుని, అరుస్తూ కూర్చున్నాను. డాక్టరు కట్టు కట్టి, బండి నడిపావంటే ఆ కన్ను నీది కాదు అన్నాడు. గుడ్డి కన్నా మెల్ల మేలని సరిపెట్టుకున్నాను. నువ్వు పెట్టిన పేరు ఎంత బాగా కలిసొచ్చిందో చూడు.

ఇక నీ గుట్టు. పెట్టె కావాలట, మొగుడికి తెలియకూడదట! ఆయనకేదో కానుక ఇవ్వబోతున్నావని ఆ మాత్రం గ్రహించలేనా? నవ్వాపుకోలేక మరిదిగారికి ఫోను చేశాను. కోప్పడకు. "ఏమండీ, మీ ఆవిడ మీకు తెలియకుండా బండి లేపే పెట్టె తెప్పించుకుంటోంది, సంగతేమిటి?" అని ఏడిపించాను. పగలబడి నవ్వాడు పాపం. "లైట్లు ఆర్పదండీ వదినగారూ, ఎన్నిసార్లు చెప్పినా అంతే" అన్నాడు. ఎంత ఓర్పు ఆ మనిషికి!

పెట్టె లాండ్రీకి పంపాను. నీ మొండితనమే నెగ్గింది.

ఒంటికన్ను అక్క

ఫిబ్రవరి 22

అక్కా,

నువ్వు ఫోను చేశావు.

ఆ సాయంత్రం వచ్చి భోజనం చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. మేకు మీంచి నీ తీగలు తీసి, రెండు మడతలు వేసి పట్టుకున్నాడు. అలా కొట్టడం అది మొదటిసారి కాదు. అవి వచ్చిన రోజునే ఎలా ఉన్నాయో చూద్దామని నా వీపు మీద చూశాడు. కానీ ఈసారి క్లిప్పుల వైపు నా మీదికి ఉంచి కొట్టాడు. ఇత్తడి పళ్ళు భుజం కండలోకి దిగితే, అవి ఊడి వచ్చేలా లాగాడు. దెబ్బకొకసారి ఒకే మాట. "ఎక్కడికి పోదామనే పెట్టె?"

పెట్టె వచ్చిన రోజు నన్ను ఎక్కించుకోవడానికి వచ్చి దుప్పట్ల సంచీ విప్పించాడు. ఇంటికి తెచ్చి మెట్టు మీద పెట్టి, టైర్లు విప్పే పానాతో బాదాడు. పెట్టె మీద నా చెయ్యి ఉంది. తీసేదాకా ఆగలేదు. రెండు వేళ్ళు ఇప్పుడు ఎటు వంచితే అటు ఉంటున్నాయి. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను.

ఇంక ఆయనా లేదు, గారూ లేదు. ఫోను కింద పడలేదక్కా, నా చెవి మీద పగిలింది. నేను లైట్లు ఆర్పి లోపలికి వచ్చాక వాడు బయటికి వెళ్ళి మళ్ళీ వేస్తాడు. కిటికీలోంచి చూశాను. అవి వెలుగుతుంటే పక్కన నిలబడి సిగరెట్టు కాలుస్తాడు. కారు తాళం నా దగ్గరే ఉంచుకోమంటాడు. "నిన్నేమైనా కట్టేశానా? వెళ్ళాలంటే వెళ్ళు" అంటాడు. పోలీసుస్టేషనుకి ఒకసారి వెళ్ళాను. మొగుడూ పెళ్ళాల గొడవ అని వాడికే ఫోను చేసి అప్పగించారు.

ఈసారి చంపుతానన్నాడు. చంపుతాడు. వాడి కళ్ళు నేను చూశాను.

ఇంకో బండి రాని చోట మనకేం పని అన్నాడుగా నాన్న. నేనిప్పుడు అక్కడే ఉన్నాను.

తూనీగ

ఫిబ్రవరి 28

తల్లీ,

యాసిడ్ పడ్డప్పుడు కూడా నా కన్ను ఇంత మండలేదు.

ఆ తీగలు నేను కోశాను. ఆ క్లిప్పులు నేను బిగించాను, పట్టు గట్టిగా ఉండాలని పళ్ళకి ఆకురాయి కూడా పెట్టాను. ఆ ఫోను నేను చేశాను. ఎంత ఓర్పు ఆ మనిషికి అని రాసిన చెయ్యి ఇదే. దీన్ని యాసిడ్ తొట్టిలో ముంచినా పాపం పోదు.

వస్తున్నాను. కట్టు విప్పినా వస్తాను, విప్పకపోయినా వస్తాను. వాణ్ణి వాడి లారీ బంపరుకే కట్టేసి, పళ్ళు ఒక్కొక్కటీ పట్టకారుతో పీకి, ఆ కంకరలోనే కలిపేస్తాను. ఇక్కడి స్టేషనులో ఫిర్యాదు రాసిచ్చాను, రోజూ వెళ్ళి వాళ్ళ నెత్తి మీద కూర్చుంటున్నాను. నేను వచ్చేదాకా వాడికి ఎదురు చెప్పకు. నవ్వమంటే నవ్వు. బతికుండు, అంతే.

అక్క

మార్చి 8

గౌరవనీయులైన అక్కగారికి,

నేను క్షేమంగా ఉన్నాను. మీ ఉత్తరం లాండ్రీ మేనేజరు మా వారి చేతికే ఇచ్చారు. ఇద్దరం కలిసి చదువుకుని నవ్వుకున్నాం. కిందటి ఉత్తరంలో కోపంలో అబద్ధాలు రాశాను, క్షమించండి. మా వారు నన్ను బాగా చూసుకుంటున్నారు. లాండ్రీ పని మానేశాను. మీరు రావద్దు. వస్తే నాకే మంచిది కాదని మా వారు చెప్పమన్నారు.

కారు కూడా బాగానే ఉంది. నాన్న నేర్పినట్టే నలుపు ముందు, ఎరుపు చివర తగిలించుకుంటున్నాను.

మీ చెల్లెలు

మార్చి 12

ఒసే బుద్ధిలేనిదానా,

నీ ఉత్తరం చూశాక ప్రాణం కుదుటపడింది. కోపంలో ఏదో రాశావని నేను ముందే అనుకున్నాను. మరిదిగారూ, నా నోటి దురుసు మీకు తెలిసిందే, మనసులో పెట్టుకోకండి. నా కన్ను ఇంకా కట్టులోనే ఉంది, వద్దామన్నా రాలేను. ఇది దానికి మీరే గట్టిగా చదివి వినిపించండి. చదువుకోమని ఇస్తే సగంలో వదిలేస్తుంది.

నలుపు ముందా? నాన్న కడుపున ఎలా పుట్టావే? ఆ వరసకే నా కన్ను పోయింది. ఎరుపు ముందు, నలుపు చివర, ఆ చివరి నలుపు ఇనుముకి. వందసార్లు చెప్పాను.

ఇంకో మాట. నీ తెలివితేటలు నాకు తెలుసు గనక చెప్తున్నాను. మరిదిగారి లారీ జోలికి మాత్రం పోకు. బ్యాటరీల డబ్బా బయటే చట్రం పక్కన ఉంది కదా, మూతకి తాళం లేదు కదా, లారీ తాళాలతో పనే లేదు కదా అని చెయ్యి పెట్టావో, చూడు! లోపల రెండు బ్యాటరీలుంటాయి. రెండూ కలిపి తగిలిస్తే నీ చిన్న కారు మాడి మసైపోతుంది. కొందరు పోకిరీ డ్రైవర్లుంటారు, ఏ బ్యాటరీ నల్ల తీగ చట్రం ఇనుముకి పోతుందో చూసి, ఆ ఒక్కదానికే తగిలించి చిన్న బండ్లు లేపుతారు. తగిలించాక ఒక కునుకు తీసేంతసేపు ఆగుతారు, ఆత్రపడరు. బండి లేచాక చేరాల్సిన చోటు చేరేదాకా ఇంజను ఆపరు. అలాంటి పిచ్చి పనులు సంసారం చేసుకునేదానికి ఎందుకు? బుద్ధిగా ఇంట్లో పడుండు.

మరిదిగారికి నా నమస్కారాలు.

అక్క

మార్చి 24

యాసిడక్కా,

ఇక్కడ నర్సమ్మ ఫోను ఇస్తానంది. కానీ నా దవడ తీగతో కుట్టేశారు, నోరు తెరవకూడదు. మన మధ్య ఎప్పుడూ ఏదో ఒక తీగే. ఇది ఆ దుప్పట్ల వ్యాను డ్రైవరు తెచ్చి నీ చేతికిస్తాడు.

నీ ఉత్తరం వాడే చదివాడు. కుర్చీలో కాళ్ళు చాపుకుని, నీ గొంతు అనుకరిస్తూ, మొదటినుంచి చివరిదాకా. పోకిరీ డ్రైవర్ల దగ్గర ఆగి, "మీ అక్కకి నీ తెలివి మీద ఎంత నమ్మకమో" అని నవ్వాడు. నేను తల దించుకుని ఒక్కో మాటా మింగాను. చిన్నప్పుడు కంచం ముందు కూడా అంత శ్రద్ధగా వినలేదు.

ఒక మధ్యాహ్నం క్వారీ నుంచి వచ్చి, తాగి, మంచం మీద పడ్డాడు. లారీ నా కారు పక్కనే ఉంది. మేకు మీంచి తీగలు తీశాను. క్లిప్పు పళ్ళలో నా నెత్తురు ఎండి ఉంది, చీరకొంగుతో తుడిచాను. లారీ డబ్బా మూత ఎత్తితే రెండు బ్యాటరీలు. చట్రానికి పోయే నల్ల తీగ దుమ్ములో కనిపించలేదు, వేళ్ళతో తడిమి పట్టుకున్నాను. పనిచెయ్యని రెండు వేళ్ళతో క్లిప్పు నొక్కడం రాక మోకాలితో అదిమాను. ఎరుపు, ఎరుపు, నలుపు, చివరి నలుపు ఇంజను ఇనుముకి. పైకే అప్పజెప్పుకుంటూ తగిలించాను.

ఇక కునుకు తీసేంతసేపు ఆగమన్నావు. ఎవరి కునుకక్కా? వాడి గురక వింటూ అక్కడే నిలబడ్డాను. అంత పొడుగైన కునుకు నేను జన్మలో చూడలేదు. తాళం తిప్పితే టక్కుమంది, లేవలేదు. అప్పుడు చూసుకుంటే లైట్ల స్విచ్చు వేసే ఉంది, వాడు వేసింది. అది ఆర్పాను. మళ్ళీ ఆగాను. గురక ఆగిపోయింది.

రెండోసారి తిప్పితే ఇంజను లేచింది. వాడూ లేచాడు.

పానా పట్టుకుని వచ్చాడు. మొదటి దెబ్బకి అద్దం పగిలింది, రెండోది కిటికీలోంచి నా దవడ మీద పడింది. లోపల ఏదో విరిగిన చప్పుడు నాకే వినిపించింది. జుట్టు పట్టుకుని బయటికి లాగుతున్నాడు. సీటు కింద నువ్వు పంపిన పెట్టె ఉంది. పగిలిపోయినా, నువ్వు పంపిందని, వాడికి కనపడకుండా అక్కడ దాచుకున్నాను. అది తీసి వాడి మూతి మీద కొట్టాను. వదల్లేదు. మళ్ళీ కొట్టాను. వదిలాక కూడా కొట్టాను అక్కా, ఎన్నిసార్లో తెలీదు. నువ్వు పట్టకారుతో పీకుతానన్న పళ్ళు కొన్ని నా ఒళ్ళో పడ్డాయి. నాకు భయం వెయ్యలేదు. హాయిగా ఉంది. ఆ హాయికి ఇప్పుడు భయం వేస్తోంది.

బానెట్ మూసే టైము లేదు. అది లేచి ఉండగానే, తల కిటికీలోంచి బయటికి పెట్టి, నెత్తురు కక్కుకుంటూ నడిపాను. తీగలు తెగలేదు, క్లిప్పులు పట్టు వదిలేసి లారీకి వేలాడుతూ ఉండిపోయాయి. చక్రం దేని మీదనో ఎక్కి దిగింది. వాడి కాలని తర్వాత చెప్పారు. బతికే ఉన్నాడు, ఇంకో ఆసుపత్రిలో, మంచానికి బేడీతో. నువ్వు నెత్తి మీద కూర్చుంటే కదిలిన పోలీసులు మర్నాడు వచ్చారు. తీగలు, పానా, పెట్టె అన్నీ పట్టుకెళ్ళారు. నా వాంగ్మూలం కాగితం మీద రాసిచ్చాను.

పెట్టె మంచిదా తీగలు మంచివా అని మనం ఇన్నాళ్ళూ కొట్టుకున్నాం. పెట్టె వాడి పళ్ళకి పనికొచ్చింది, తీగలు బండికి. ఇద్దరం గెలిచాం అనుకో.

ఒక్క తప్పు చేశాను. చేరాల్సిన చోటు చేరేదాకా ఇంజను ఆపొద్దన్నావు. ఆసుపత్రి గేటు ముందు అలవాటు కొద్దీ ఆపేశాను. దిగాక వెనక్కి వెళ్ళి లైట్లు ఆర్పానో లేదో కూడా చూశాను, ఆర్పే ఉన్నాయి. కారు మళ్ళీ లేవడం లేదు. వ్యాను డ్రైవరు నేను లేపి పెడతానన్నాడు. వద్దని చెయ్యి ఊపాను.

కన్ను కట్టు విప్పారా? విప్పకపోతే ఎవరి చేతనైనా నడిపించుకుని నీ బండిలో రా. కొత్త తీగలు కోసి తీసుకురా. పెట్టె మాత్రం పంపకు. పెట్టె పంపితే నువ్వు రానక్కర్లేదు.

నీ తూనీగ